అడ్డా మీద నిలబడ్డ మా అమ్మ గురించి ముఖ్యమంత్రి గారికి

ముఖ్యమంత్రి గారికి నమస్కారం సార్,

మున్సిపల్ శాఖ గూడ మీ దగ్గరే ఉంది, మీది మా పాలమూరే, అందుకే మీకే రాస్తున్న. మాది దేవరకద్ర దిక్కు ఒక ఊరు. నేను హైటెక్ సిటీల ఐటీ కంపెనీలోళ్ళకు నైట్ షిఫ్ట్ క్యాబ్ నడుపుత, మా అమ్మ ఆ దగ్గర్లనే లేబర్ అడ్డాల నిలబడ్తది.

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాల గడియారం గంట వెనక్కి తిప్పుతరు సార్, మార్చిల మళ్ళ ముందుకు. దాంతోని ఈడ మా రోస్టర్ మారుతది, పికప్ గంట లేటయితది, హాస్టల్ ముంగట ఇడ్లీ బండి అన్న గూడ ఆ టైముకే పొయ్యి ముట్టిస్తడు. 2008ల అమెరికాల బ్యాంకులు మునిగినప్పుడు నేను చిన్నోణ్ణి, మా నాయినది సెంట్రింగ్ పని, స్లాబ్ ఆపిన్రు ఫోన్ చేసేదాక రావొద్దని మేస్త్రీ పంపిచ్చిండు, ఆ బ్యాంకుల పేర్లు గూడ తెల్వని మనిషి మూడు నెలలు ఊర్ల ఖాళీగ కూసొని ఆఖరికి ముంబై బస్సెక్కిండు.

గంత దూరం మాటకు ఇంత జల్ది కదిలే నగరం, అడ్డా కాడ ఒక బాత్రూం కట్టున్రి అంటే కదుల్తలేదు. రెండేండ్ల సంది అడుగుతున్నం.

లాస్ట్ డ్రాప్ అయినంక పొద్దుగాల ఆరున్నరకు అడ్డా కాడ బండి ఆపుత. ముప్పై నలభై మంది ఆడోళ్ళు ఫుట్‌పాత్ అంచుకు నిలబడి ఉంటరు, సంచిల సద్ది డబ్బ, కాళ్ళ కాడ తట్ట. మా అమ్మ నీళ్ళ సీసా ఎండకాలం గూడ నిండుగనే ఉంటది, మూత తియ్యది. తాగితే యాడికి పోవాలె బిడ్డా అంటది. పోయిన ఎండకాలం మూత్రంల ఇన్ఫెక్షన్ వచ్చి వారం దినాలు పని పోయింది, నీళ్ళు బాగ తాగమని డాక్టర్ చెప్పిండు.

పైసలు లేవు అనకున్రి సార్. చట్టం కింద కట్టుబడి ఖర్చుల 1 శాతం సెస్ అని పన్ను లెక్క వసూలయితది, అది భవన కార్మికుల కోసమే. గని ఆ పైసల సాయం అందాల్నంటే భవన కార్మికుల కార్డు ఉండాలె, ఆ కార్డు రావాల్నంటే ఏడాదిల 90 రోజులు పని చేసినట్టు రుజువు గావాలె. అడ్డా కూలికి దినానికో మేస్త్రీ, ఎవరు సంతకం పెడ్తరు? మా అమ్మ పద్దెనిమిదేండ్ల సంది ఇటుకలు మోస్తుంది, కార్డు లేదు.

2025 జనవరిల దావోస్‌ల లక్షా 78 వేల కోట్ల ఒప్పందాలు అయినయి అన్నరు. పెట్టుబడులు వద్దంటలేను సార్, మా ఇంట్ల పొయ్యి వాటి మీదనే వెలుగుతది. అయితే వచ్చే కంపెనీకి జాగ, కరెంట్, నీళ్ళు ఎంత గావాలో ముందే అడిగి రాసుకుంటరు గద, ఆ బిల్డింగ్ కట్టెటోళ్ళకు ఏం గావాలో గూడ అదే కాయితంల రాయిచ్చున్రి. అడ్డాకో షెడ్డు, ఆడోళ్ళకు బాత్రూం, తాగే నీళ్ళు. పొద్దుగాల అడ్డా కాడనే వేలిముద్ర తీసుకొని ఆ లెక్కనే 90 రోజుల రుజువు కింద పట్టున్రి. మన మహబూబ్‌నగర్ గూడ 2025ల కార్పొరేషన్ అయింది, ఆడ గూడ అడ్డాలున్నయి, ముందుగాల ఆడ షురూ చేసినా సంతోషమే.

ఒక దినం మీరే రండ్రి. ఆరున్నరకు అందరు ఉంటరు. ఎనిమిది దాటినంక పని దొరికినోళ్ళు పోతరు, దొరకనోళ్ళు ఇంక ఆడనే నిలబడి ఉంటరు, వాళ్ళతోని గూడ మాట్లాడున్రి.