ఇంతకీ ఆవిడ ఏం కనిపెట్టారు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా క్లాసు బయట ఒక నోటీసు బోర్డు ఉంది. పేపర్లో సైన్స్ వార్త ఏది కనిపించినా కత్తిరించి దాని మీద అంటించడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఈమధ్య ఒక పత్రికలో, పెద్ద అవార్డు అందుకున్న శాస్త్రవేత్త గురించి అర పేజీ కథనం వచ్చింది. ఆవిడ ఫొటో చూసి సంబరపడి, తెచ్చి అంటించాను. మధ్యాహ్నం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, నా దగ్గరికొచ్చి అడిగింది: "టీచర్, ఇంతకీ ఆవిడ ఏం కనిపెట్టారు?"

వెళ్లి మళ్ళీ చదివాను. ఆవిడ పొద్దున ఎన్నింటికి లేస్తారో ఉంది. పిల్లలిద్దరూ ఏం చదువుతున్నారో, భర్త ఎంత సహకరిస్తారో ఉంది. ఎంత పనున్నా వంట ఆవిడే చేస్తారట. ఇంటినీ ల్యాబ్‌నూ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారన్న ప్రశ్నకు రెండు పేరాల జవాబు ఉంది. ఫొటో కూడా ఇంట్లో సోఫా మీద కూర్చున్నదే. పరిశోధన గురించి చివర్లో ఒకే ఒక్క వాక్యం, 'బ్యాక్టీరియాపై విశేష కృషి చేశారు' అని. ఏ బ్యాక్టీరియా? ఏం కృషి? అర పేజీ చదివిన పిల్లకు ఆ సంగతే తెలియలేదు. నేనూ అది గమనించకుండానే అంటించాను. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ అలవాటు చాలా పాతది. 1964లో డొరొతీ హాడ్జ్‌కిన్‌కు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. పెన్సిలిన్, విటమిన్ బి12 అణువుల్లో ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో ఎక్స్‌రేల సాయంతో తేల్చి చెప్పినందుకు ఇచ్చారు. బ్రిటన్‌లో డైలీ మెయిల్ పెట్టిన హెడ్డింగ్‌లో ఆమె 'ఆక్స్‌ఫర్డ్ గృహిణి'. అంతకు ముందు ఏడాది మరియా గోపర్ట్ మేయర్‌కు ఫిజిక్స్ నోబెల్ వస్తే, ఆమె ఉంటున్న శాన్‌డియాగోలోని పత్రిక 'శాన్‌డియాగో తల్లికి నోబెల్' అని వేసింది. పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు పొరలు పొరలుగా ఎలా సర్దుకుంటాయో చెప్పిన మనిషి ఆమె. ఆ హెడ్డింగ్‌లో ఆ మాటకు చోటు దొరకలేదు.

అప్పటి రోజులు వేరు అనుకుందామంటే, 2013 మార్చిలో రాకెట్ శాస్త్రవేత్త ఇవాన్ బ్రిల్ చనిపోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ ఆమె సంస్మరణను ఎలా మొదలుపెట్టిందో చూడండి. ఆమె ఫలానా మాంసం వంటకం బ్రహ్మాండంగా చేసేవారు, భర్త ఉద్యోగం మారినప్పుడల్లా వెంట వెళ్ళేవారు, పిల్లల కోసం ఎనిమిదేళ్ళు ఉద్యోగం మానేశారు. ఉపగ్రహాలు కక్ష్య తప్పిపోకుండా నిలబెట్టే థ్రస్టర్‌ను ఆమె కనిపెట్టారన్న సంగతి ఆ తర్వాతే వచ్చింది. పాఠకులు గట్టిగా అడిగేసరికి ఆ మొదటి వాక్యం మార్చారు. పాఠకులు ఉత్తరాలు రాస్తే పని జరుగుతుందని నాకు నమ్మకం కలిగించిన ఉదంతం కూడా ఇదే.

నేను పిల్లలకు తప్పకుండా చెప్పే కథ జోసెలిన్ బెల్‌ది. 1967లో ఆమె కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని. నాలుగున్నర ఎకరాల్లో పరుచుకున్న రేడియో టెలిస్కోపు కట్టడంలో ఆమె స్వయంగా సమ్మెట పట్టారు. అది పనిచేయడం మొదలయ్యాక రోజుకు ముప్ఫై మీటర్ల చార్టు కాగితం బయటికొచ్చేది. దాని మీద సిరాతో గీసుకుంటూ పోయే గీతను అంగుళం అంగుళం కళ్ళతో చూడాల్సింది ఆమే. కంప్యూటర్ చూసిపెట్టే రోజులు కావవి. ఆ కాగితంలో ఒకచోట పావు అంగుళం మేర గీత కాస్త చెదిరి ఉంది. నక్షత్రం లాగానూ లేదు, మనుషుల యంత్రాల రొద లాగానూ లేదు. ఇంకెవరైనా వదిలేసేవాళ్ళే. ఇలాంటిది ఇదివరకు చూశానే అని ఆమెకు గుర్తొచ్చింది. పాత కాగితాలు తిరగేశారు. ఆకాశంలో అదే చోట! తర్వాత చార్టును వేగంగా నడిపించి చూస్తే తేలింది, సెకనుకు కొంచెం పైగా వ్యవధిలో గడియారంలా తప్పకుండా కొట్టుకుంటున్న నాడి అది. ఇలా క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రాన్నే మనం ఇవాళ పల్సార్ అంటున్నాం.

మరుసటి ఏడాది ఆ వార్త బయటికొచ్చాక విలేకరులు వచ్చారు. ఈ ఆవిష్కరణకు ఖగోళశాస్త్రంలో ఉన్న ప్రాధాన్యం ఏమిటని ఆమె గైడ్ ఆంటొనీ హ్యూయిష్‌ను అడిగారు. ఆమె వైపు తిరిగి, మీకు బాయ్‌ఫ్రెండ్స్ ఎంతమంది, మీ ఒంటి కొలతలు ఎంత అని అడిగారు. చొక్కా పై గుండీలు విప్పమన్న ఫొటోగ్రాఫర్లూ ఉన్నారట. ఇవన్నీ ఆమే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. కాగితం మీద ఆ పావు అంగుళాన్ని పట్టుకున్నది ఎవరో, పట్టుకున్నప్పుడు ఏమనిపించిందో అడగాలని వాళ్ళకు తోచలేదు. 1974లో ఆ ఆవిష్కరణకు నోబెల్ వచ్చింది, హ్యూయిష్‌కు. ఆమెకు రాలేదు. 2018లో ఆమెకు ముప్ఫై లక్షల డాలర్ల బహుమతి వస్తే, ఫిజిక్స్‌లోకి తక్కువగా వచ్చే వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం మొత్తం ఇచ్చేశారు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఈమధ్య ఇలాంటి వాళ్ళను అన్యాయానికి గురైన మనుషులుగా చూపించడం ఎక్కువైంది. రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పండి, ఆమె పర్యవేక్షణలో తీసిన డీఎన్ఏ ఫొటోను ఆమెకు తెలియకుండా వాడుకున్నారనీ, నోబెల్ రాలేదనీ ఎవరైనా చెబుతారు. జరిగింది అన్యాయమే, చెప్పాల్సిందే. కానీ ఆమె బొగ్గు మీద, కార్బన్ మీద ఎంత పని చేశారో, డీఎన్ఏ తర్వాత పొగాకు మొజాయిక్ వైరస్ నిర్మాణం మీద ఎంత చేశారో ఎవరు చెబుతున్నారు? 1958లో 37 ఏళ్ళకే కేన్సర్‌తో చనిపోయేదాకా ఆ పని ఆపలేదు. పదేళ్ళ తర్వాత, ఆ ఫొటోను వాడుకున్నవాళ్ళలో ఒకరైన జేమ్స్ వాట్సన్ తన పుస్తకంలో ఆమె లిప్‌స్టిక్ వేసుకోదని, బట్టల మీద శ్రద్ధ లేదని రాశారు. వాట్సన్ ఆమెను వెక్కిరించారు, మనం జాలిపడుతున్నాం. రెండు చోట్లా ఆమె పని పక్కకే పోయింది.

సినిమాల సంగతి మీకు తెలియంది కాదు. తెర మీద ఆడ శాస్త్రవేత్త కనిపిస్తే చాలాసార్లు ఎవరో పెద్ద శాస్త్రవేత్త కూతురై ఉంటుంది. లేదా కళ్ళద్దాలు తీసి జుట్టు వదిలేసే సీన్ కోసం ఎదురుచూస్తుంటుంది. హీరోకు రెండు కష్టమైన మాటలు చెప్పి తప్పుకుంటుంది. పిల్లలు అది చూసే పెరుగుతారు. శాస్త్రవేత్త బొమ్మ గీయమని పిల్లలను అడిగే ఒక పరీక్ష ఉంది. డేవిడ్ చేంబర్స్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో 4,807 మంది పిల్లలు గీస్తే, ఆడమనిషిని గీసింది 28 మంది. ఆ 28 మందీ ఆడపిల్లలే. అమెరికాలో జరిగిన ఇలాంటి అధ్యయనాలను కలిపి 2018లో చూస్తే పరిస్థితి చాలా మెరుగైంది. అయితే అందులోనే ఇంకో సంగతి ఉంది. ఆరేళ్ళ ఆడపిల్లల్లో దాదాపు 70 శాతం ఆడ శాస్త్రవేత్తనే గీస్తారు. పదహారేళ్ళు వచ్చేసరికి అది 25 శాతానికి పడిపోతుంది. ఆ పదేళ్ళలో నాలుగైదేళ్ళు ఆ పిల్లలు మా టీచర్ల చేతుల్లో ఉంటారు, మిగతా సమయమంతా టీవీ, సినిమా, ఫోను, పేపరు. అందుకే దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

మన భాష విషయం కూడా ఒకటి ఉంది. తెలుగులో క్రియే ఆడో మగో చెప్పేస్తుంది. 'ఒక శాస్త్రవేత్త ప్రయోగం చేశాడు' అని మేం ప్రశ్నపత్రంలో రాసేస్తాం, రెండో ఆలోచన లేకుండా. 'చేశారు' అంటే సరిపోతుంది కదా. వార్తల్లోనూ అంతే. ఒకే కథనంలో 'ఆయన వివరించారు' అని రాసి, రెండు లైన్ల కింద 'ఆమె చెప్పింది' అని రాసినవి నా దగ్గరే చాలా ఉన్నాయి.

ఫొటోల దగ్గరా జాగ్రత్త కావాలి. 2014 సెప్టెంబర్‌లో మంగళ్‌యాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు, ఇస్రోలో ఆడవాళ్ళు ఆనందంతో నవ్వుతున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. మహిళా శాస్త్రవేత్తలని రాశారు. వాళ్ళు పరిపాలనా విభాగం ఉద్యోగులని ఇస్రో తర్వాత చెప్పింది. ఆ మిషన్‌లో డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్లుగా పనిచేసిన రీతూ కరిధల్, నందినీ హరినాథ్ నిజంగా ఉన్నారు. ఆ రోజు ఫొటో చూసి మురిసిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను, పేర్లు మాత్రం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

2013లో సైన్స్ విలేకరులే తమ కోసం ఒక పరీక్ష పెట్టుకున్నారు. ఆన్ ఫింక్‌బైనర్ అనే రచయిత్రి పేరు మీద దాన్ని ఫింక్‌బైనర్ పరీక్ష అంటారు. శాస్త్రవేత్త గురించి రాసేటప్పుడు ఆమె ఆడమనిషి అని ఎత్తిచూపకూడదు, భర్త ఉద్యోగం, పిల్లలను ఎవరు చూసుకుంటారన్నది రాయకూడదు, 'మొట్టమొదటి మహిళ' అనకూడదు. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోను. మొదటి మహిళ అన్నది కొన్నిసార్లు చరిత్ర, దాచిపెడితే ఎంతమందికి తలుపులు మూశారో కూడా దాచినట్టే. పిల్లల పెంపకం వల్ల చాలామంది పరిశోధన వదిలేస్తున్నారు, అది రాయాల్సిందే. కాకపోతే మగ శాస్త్రవేత్తలను కూడా అడగండి, ఇంట్లో పిల్లలను ఎవరు చూసుకుంటున్నారని.

మీ పత్రిక నుంచి నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. శాస్త్రవేత్త ఎవరైనా సరే, మొదటి పేరాలో వాళ్ళు ఏం కనిపెట్టారో రాయండి. ఫొటో పని దగ్గర తీయండి. ఆ వార్తను మహిళల పేజీకి పంపకుండా సైన్స్ వార్తలు వేసే చోటే వేయండి. ఫిబ్రవరి 11న సైన్స్‌లో మహిళల దినం, మార్చి 8న మహిళా దినోత్సవం వచ్చినప్పుడే కాకుండా, గ్రహణమో వైరసో వచ్చి నిపుణులకు ఫోన్ చేసినప్పుడు కూడా మహిళా శాస్త్రవేత్తలకు చేయండి. 2023లో ఆన్ లూయిలియేకు ఫిజిక్స్ నోబెల్ వచ్చిన కబురు అందేసరికి ఆమె క్లాసు చెబుతున్నారు. విరామంలో ఫోన్ మాట్లాడి, వెనక్కెళ్ళి మిగతా క్లాసు పూర్తిచేశారు. ఒక టీచర్‌గా ఆ వార్త చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఇలా రాస్తే మనిషీ కనిపిస్తుంది, పనీ కనిపిస్తుంది.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయీ నేనూ కలిసి నెట్‌లో వెతికాం. కొన్ని బ్యాక్టీరియా లోపలికొచ్చిన మందును మళ్ళీ బయటికి తోడేస్తాయి. ఆ తోడే పంపు లాంటి ప్రోటీన్‌ను ఎలా ఆపాలన్నది ఆ శాస్త్రవేత్త పని. అమ్మాయి ఆ సంగతి నాలుగు లైన్లలో తన చేత్తో రాసి, కత్తిరింపు కింద అంటించింది. మాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ విలేకరి ఆవిడకు ఎదురుగా కూర్చుని మాట్లాడారు, అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేవారు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ టీచర్