బొగ్గు పెరిగింది, కొలువులు తగ్గాయి

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్రంలో ఉపాధి పెరుగుతోందన్న వార్తలు చదివినప్పుడల్లా మా గోదావరిఖని గుర్తొస్తుంది. మా నాన్న సింగరేణిలో బాయి (భూగర్భ గని) పనికి దిగిన రోజుల్లో కొలువుందంటే పిల్లనిచ్చేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. బొగ్గు మాత్రం తగ్గలేదు. 2023-24లో 70 మిలియన్ టన్నులు తీశారు. ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) వచ్చాయి, షావెళ్లు, డంపర్లు వచ్చాయి. బొగ్గుపై మట్టి తీసే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది. అక్కడ పనిచేసేవాళ్లు కంపెనీ లెక్కలో పర్మినెంటు కార్మికులు కారు.

మిగిలినవాళ్లకు దారి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లే. మా మేనల్లుడు మూడేళ్లుగా అక్కడ సెంట్రింగ్ పని చేస్తున్నాడు. ఒక బిల్డింగ్ పూర్తయితే మళ్లీ పని దొరికేదాకా టెన్షనే. ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదవుతుంది. కానీ అడ్డా మీద పని పట్టుకునేవాడికి ఆ కాగితం ఎవరిస్తారు? మేస్త్రీ ఫోన్ ఎత్తడు, కాంట్రాక్టర్ ముఖమే తెలియదు. కార్మికుల సంక్షేమం పేరుతో నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు మాత్రం వసూలవుతూనే ఉంది.

గనుల్లో, నిర్మాణంలో పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, రోజుకూలీ ఎందరు అన్న లెక్కను ప్రభుత్వం జిల్లాలవారీగా ఏటా బయటపెట్టాలి. ఇసుక దొరక్క పనులు ఆగిన నెలల్లో ఎందరు ఖాళీగా కూర్చున్నారో కూడా అందులో ఉండాలి.

— ఒక గని కార్మికుడి కొడుకు, గోదావరిఖని