మొంథా రోజుల్లో మా అమ్మానాన్నలకు అండగా నిలిచినవాళ్లకు

మొంథా తుపాను వెళ్లిపోయింది, టీవీలు వేరే వార్తలకు మారిపోయాయి. మాకు మాత్రం చెప్పాల్సిన కృతజ్ఞతలు చాలా మిగిలిపోయాయి. అమ్మ, నాన్నగారు ఉండేది అంతర్వేది దగ్గర ఊళ్లో. నేనూ మా ఆవిడా హైదరాబాద్ నిజాంపేటలో. రాత్రంతా బస్సు ప్రయాణం, ఆపైన నరసాపురం రేవులో పంటు (మనుషుల్ని, బళ్లను దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటాలి. గాలి పెరిగితే ముందు ఆపేది ఆ పంటునే, అప్పుడిక చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. కాబట్టి ఇక్కడ కూర్చుని మేం చేయగలిగింది తక్కువ. చేసిందంతా వేరేవాళ్లే.

ముందుగా మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ అంకుల్‌కి. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరయ్యారాయన. బులెటిన్లు, మ్యాపులు మా ఫోన్లలోనూ ఉన్నాయి, చదవడమే తెలియదు. "మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ సమీపంలో తీరం దాటుతుంది" అన్న మాటలో మాకు కాకినాడ ఒక్కటే వినబడింది. కాకినాడ అయితే మనకు కొంచెం దూరమే కదా అనుకున్నాం. ఆయన మ్యాపు మీద వేలు పెట్టి, ఆ రెండు ఊళ్ల మధ్య దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల తీరం ఉంది బాబూ, మధ్యలో తుపాను దారి చూపే గీత కాదు, దానికి అటూ ఇటూ వెడల్పవుతూ పోయే భాగం చూడు, మీ ఊరు అందులో ఉందా లేదా అంతే, అన్నారు. ఉంది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు, ఇది తీరంలో అయినవాళ్లున్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. మన వైపు తుపాన్లు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. అందువల్ల తీరం దాటే చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీంచి వస్తూ నీళ్లను కూడా నేల మీదికి తోస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లకు ఆ తోపుడు అంతగా ఉండదు. అంటే కాకినాడ దగ్గర దాటితే మేం తేలికైన పక్కన ఉంటాం, అదే గీత కాస్త దక్షిణానికి జరిగి నరసాపురం వైపు వస్తే బరువైన పక్కకు వచ్చేస్తాం. చివరికి జరిగింది అదే. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురానికి దక్షిణంగా దాటింది, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో.

అలల హెచ్చరికలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా అప్పుడే తెలిసింది. బంగాళాఖాతంలో అలలు ఎంతెత్తున లేస్తాయి, ఉప్పెన ఎంతవరకు రావచ్చు అని లెక్కగట్టే ఇన్‌కాయిస్ అనే సంస్థ మాకు పక్కనే ప్రగతినగర్‌లో ఉంది! రోజూ ఆ దారినే ఆఫీసుకు పోతూ, సముద్రమే లేని ఊళ్లో ఇదేం బోర్డు అనుకునేవాణ్ణి. అక్కడ రాత్రిళ్లు మేలుకున్నవాళ్లందరికీ దండాలు.

ఇక అసలు కష్టం నాన్నగారు. ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లమంటే "96 చూసినవాణ్ణి, నాకు చెప్తావేంట్రా" అని ఫోన్ పెట్టేశారు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను అది, వెయ్యి మందికి పైగా పోయారు. బతికి బయటపడ్డవాళ్లకు భయం పెరగాలి గానీ ఈయనకు ధీమా పెరిగింది. నా మాట, మా చెల్లి మాట పని చేయలేదు. గ్రామ సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఇంటికొచ్చి, "తాతగారూ, అప్పుడు మీకెన్నేళ్లండి, ఇప్పుడెన్నేళ్లండి? రాత్రిపూట చెట్టు పడితే మామ్మగారిని మీరే ఎత్తుకొస్తారా?" అందట. అమ్మ నవ్వేసిందట, నాన్నగారు చొక్కా వేసుకున్నారట. ఆ పూటే ఇద్దర్నీ హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రానికి చేర్చింది. తల్లీ, నీకు ఎంత చెప్పినా తక్కువే.

ఊళ్లో అమ్మావాళ్ల పక్కింటి తమ్ముడు చేపల వేటకు వెళ్లేవాడు. బోటు, వలలు భద్రం చేసుకోవడం వాడికే తలకు మించిన పని. అయినా దింపు తీసేవాళ్లను వెతికి పట్టుకొచ్చి, మా ఇంటి మీదికి ఒంగిన కొబ్బరి చెట్ల గెలలన్నీ దింపించాడు. ఆ గాలిలో కొబ్బరికాయ ఎగిరొస్తే పెంకుల గతేంటో కోనసీమవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఒక చెట్టు పడింది, గోడ పక్కగా. పెంకులు కొన్ని లేచిపోయాయి, అంతే.

ఆ రాత్రి సిగ్నల్ పోయాక మాకు బాగా టెన్షన్ మొదలైంది. టీవీ పెడితే ఎర్రటి సుడిగుండం, వెనక మ్యూజిక్. అంకుల్ వచ్చి ముందు అది కట్టేయించారు. తీరం దాటడం అంటే క్షణంలో అయ్యేది కాదు, మూడు నాలుగు గంటలు పడుతుంది, మధ్యలో గాలి ఆగినట్టనిపించి ఎదురుదిక్కు నుంచి మళ్లీ కొడుతుంది, ఆ సందులో బయటికి రాకపోతే చాలు, అని చెప్పి తెల్లారేదాకా మాతోనే కూర్చున్నారు. తమ్ముడి దగ్గర్నుంచి "అందరూ బాగున్నారన్నా" అని మెసేజ్ వచ్చింది చూశాకే టీ తాగారు.

చివరగా ఇన్సులిన్ సంగతి. అమ్మ దగ్గర నిల్వ తక్కువ, కరెంటు ఎన్ని రోజులు పోతుందో తెలియదు. కూకట్‌పల్లిలో మేం మందులు కొనే షాపాయన థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాకులు పెట్టి సర్దిచ్చారు. వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా నాలుగు వారాల వరకు పనికొస్తుంది, ఎండా వేడీ తగలకుండా చూస్తే చాలని కాగితం మీద తెలుగులో రాసి అతికించారు. గాలులు మొదలవకముందే ఆ పెట్టెను కేపీహెచ్‌బీ నుంచి తీసుకెళ్లి నరసాపురంలో మా మావయ్య చేతికిచ్చిన బస్సు డ్రైవర్ అన్న డబ్బులు వద్దన్నాడు. "అమ్మకి మందులంటున్నారు, దానికి పార్సిల్ ఛార్జీ ఏంటండి" అన్నాడు. హడావిడిలో నంబరు తీసుకోలేదు, పేరు కూడా అడగలేదు. నరసాపురం రూట్లో తిరిగే డ్రైవర్లెవరైనా మీకు తెలిసి ఉంటే ఇది ఆయనదాకా చేర్చండి. పెట్టె చల్లగానే అందిందని, అమ్మ ఆయన్ని భోజనానికి రమ్మంటోందని చెప్పండి.