పోర్ట్ లూయిస్‌ను ఆదివారం చూపించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మారిషస్ యాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెల్లని ఇసుక తీరాలు, పగడపు దిబ్బలు, కొత్త దంపతుల విహారాలు, వీటి వర్ణన బాగానే ఉంది. అయితే ఆ దేశ రాజధాని, రేవు నగరమైన పోర్ట్ లూయిస్‌ను మాత్రం బజారు పనికి ఒక పూట చాలునన్నట్లు ఒకే వాక్యంతో సరిపెట్టారు. గత ఏడాది భార్యాసమేతంగా ఆ నగరానికి రెండుసార్లు వెళ్లి, మొదటిసారి దాదాపు ఏమీ చూడకుండానే తిరిగివచ్చినవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మమ్మల్ని తీసుకువెళ్లిన ట్రావెల్స్ వారు పోర్ట్ లూయిస్‌ను ఆదివారం నాటి కార్యక్రమంలో పెట్టారు. ఆ రోజైతే ట్రాఫిక్ బాధ ఉండదన్నారు. అన్నట్టే ట్రాఫిక్ లేదు, మనుషులూ లేరు. ఒకప్పుడు మన వలస కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ ద్వారం మూసి ఉంటే ఊచల సందులోంచి ఫోటోలు తీసుకున్నాం. ఆ తర్వాత సముద్రం ఒడ్డున ఉన్న కొదాన్ దుకాణాల దగ్గర రెండు గంటలపాటు కూర్చోబెట్టి, నగరదర్శనం పూర్తయిందని బస్సు ఎక్కించారు.

సాయంత్రమైనా, ఆదివారమైనా ఈ నగరం ఖాళీ కావడం వెనుక ఒక చరిత్ర ఉన్నదని తర్వాత తెలిసింది. 1735లో ఫ్రెంచి గవర్నరు మహే ద లా బూర్దొనే ఇక్కడ రేవు అభివృద్ధికి పూనుకోవడానికి ముఖ్యకారణం, ఆగ్నేయ దిక్కు నుంచి వీచే గాలుల తాకిడి ఓడలకు తగలకుండా కొండలు అడ్డు నిలవడమే. ఓడలకు మేలు చేసిన ఆ కొండలే ఊరికి గాలి ఆడనివ్వక ఉక్కపోతను మిగిల్చాయి. 1867లో మలేరియా విజృంభించి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, స్తోమత ఉన్న కుటుంబాలు క్యూర్‌పీప్ వంటి ఎత్తైన ప్రాంతాలకు తరలిపోయాయి. కొలువు కింద, కాపురం పైన అన్న పద్ధతి ఆనాటి నుంచే బలపడింది. కాబట్టి పనిదినాన వెళితేనే అది నగరంలా కనిపిస్తుంది.

మరునాడు సముద్రతీరంలో విశ్రాంతి అని రాసి ఉన్న కార్యక్రమాన్ని వదులుకొని, రోజ్ హిల్‌లో మెట్రో రైలెక్కి మేమే వెళ్లాం. దారిలో ఒక స్టేషను పేరు కోరమాండల్. మన తూర్పు తీరం పేరు అంత దూరాన రైల్వే బోర్డు మీద కనిపించేసరికి నా భార్య కిటికీలోంచి తల తిప్పి మరీ చూసింది.

ఆప్రవాసీ ఘాట్ చూడటానికి చాలా చిన్న స్థలం. యునెస్కో వారు 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన భాగం 1,640 చదరపు మీటర్లకు మించదు. పక్కనుంచే పోయే హైవే కోసం వలస కూలీలను దించుకొని ఉంచిన పాత డిపోలో కొంత భాగం పోగా, మిగిలినవి ఆసుపత్రి గదులు, వంటశాల, మరుగుదొడ్ల పునాదులు, కాపలా గది, వీటితోపాటు 16 నల్లరాతి మెట్లు. మెట్లు పెద్దవేమీ కావు. మోకాళ్ల నొప్పులున్న నేనే ఆగకుండా ఎక్కగలిగాను. కానీ 1834 నుంచి 1920 వరకు ఒప్పంద కూలీలుగా ఆ ద్వీపానికి చేరిన దాదాపు 5 లక్షల మందిలో, 1849లో ఈ డిపో వచ్చాక దిగినవారు వలస అధికారి ముందు నిలబడింది ఈ ఆవరణలోనే. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో వచ్చిన మొదటి 36 మందికి 5 ఏళ్ల ఒప్పందం, నెలకు 5 రూపాయల జీతం. తర్వాతి కాలంలో ఒక్కొక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, తండ్రి పేరు, ఊరు, జిల్లా రిజిస్టరులో ఎక్కించి, ఒకటి రెండు రోజులు ఉంచుకొని చెరకు తోటలకు పంపేవారు. కోరింగి రేవులో ఓడ ఎక్కినవారన్న గుర్తుతో మనవాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. తండ్రి పేరు కొడుకులకు ఇంటిపేరుగా స్థిరపడిపోవడం వల్ల, సింహాచలం కొండ కింద వీధికొకరికి ఉండే అప్పన్న అన్న పేరు ఆ దేశంలో ఫ్రెంచి వర్ణక్రమంతో ఇంటిపేరై కూర్చుంది.

ఘాట్ నుంచి కొద్ది నిమిషాల నడకలో, 1740 నాటి పాత మిలిటరీ ఆసుపత్రి భవనంలో బానిసత్వ మ్యూజియం ఉంది. నా మటుకు ముందు దీన్నే చూడాలి, ఆ తర్వాతే ఘాట్‌కు రావాలి. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిషు ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం ఇచ్చింది బానిసలకు కాదు, వారి యజమానులకు. అప్రెంటిసుల పేరుతో మరో నాలుగేళ్లు అదే చాకిరీ చేయించుకున్నారు. 1839లో ఆ కట్టు కూడా తెగిపోగానే ఆఫ్రికా, మడగాస్కర్ సంతతివారు చాలామంది తోటలను విడిచివెళ్లారు. అలా ఖాళీ అయిన చోటులోకే మనవాళ్లు వేలల్లో దిగారు. ఈ సంగతి తెలియకుండా ఆ మెట్లెక్కితే మన కష్టం ఒక్కటే మనకు కనిపిస్తుంది.

సెంట్రల్ మార్కెట్ గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు. కూరల దుకాణాల మధ్య నడుస్తుంటే ఒక పెద్దావిడ కట్టలు కడుతూ కేకలు వేస్తోంది: ‘కోతొమిలి, కోతొమిలి!’ చూస్తే కొత్తిమీర. పక్కనే కరివేపాకు, దాని పేరు కారిపూలే. బీరకాయ పిపెంగాయ్. మునగాకు బ్రెద్ మురుంగ్. అక్కడివారి వాడుక భాష అయిన క్రియోల్‌లోకి ఈ మాటలు ఎక్కువగా తమిళుల నోటిమీదుగా చేరినట్లుంది గానీ, అర్థం చేసుకోవడానికి మాకు ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. మేము మాట్లాడుకునేది తెలుగని విని ఆవిడ కట్టలు పక్కన పెట్టి, వేళ్లు మడుస్తూ ఒకటి, రెండు, మూడు అంటూ పది దాకా లెక్కపెట్టింది. ఏడు దగ్గర కాస్త తడబడింది. ఇంట్లో మాట్లాడేది క్రియోలేనట. ఆ అంకెలు, రామభజన పాటలు, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ, ఆవిడకు మిగిలిన తెలుగు అంతే. బడుల్లో తెలుగు చెబుతున్నారు, ఉగాదికి దేశమంతటా సెలవు. అక్కడి క్యాలెండర్లో దాన్ని ఫ్రెంచి పలుకుబడితో ‘ఊగాది’ అని రాస్తారు.

ఇదంతా చదివి పోర్ట్ లూయిస్‌ను ‘మినీ ఇండియా’ అని రాయవద్దని కూడా మనవి. మార్కెట్ నుంచి రాయల్ రోడ్డు వెంట నడిస్తే, లోపలి ఆవరణలో బాదం చెట్టు ఉన్న జుమ్మా మసీదు వస్తుంది. దానికి ఆనుకొనే చైనావారి వాడ మొదలవుతుంది. ఆ వీధి మలుపులో చేతిబండి మీద అమ్మే దాల్ పూరీ కోసం ఆఫీసు గుమాస్తాలు, చైనా దుకాణదారులు, బురఖా వేసుకున్న అమ్మాయిలు ఒకే వరుసలో నిలబడ్డారు. అట్లాగని అంతా పాలూ తేనె కాదు. స్వాతంత్ర్యానికి కొద్ది వారాల ముందు, 1968 జనవరిలో, ఈ వీధుల్లోనే ఆఫ్రికా సంతతివారైన క్రియోల్ వర్గం, ముస్లిం వర్గం కొట్టుకుంటే బ్రిటిషు సైన్యం దిగవలసి వచ్చింది. 1998లో కొత్త నోట్ల మీద హిందీని తమిళం కంటే ముందు అచ్చువేసినందుకు తమిళులు గట్టిగా నిరసించగా, ఆ నోట్లను వెనక్కి తీసుకొని మళ్లీ అచ్చువేశారు. ఎవరి వంతు ఎంత అన్న పేచీ తెగేది కాదని అక్కడివారికి తెలుసు. శివరాత్రికి, రంజానుకు, చైనా నూతన సంవత్సరానికి, క్రిస్మస్‌కు, తమిళుల కావడి పండుగకు, బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1కి, కూలీలు దిగిన నవంబరు 2కి, అన్నిటికీ సెలవులిచ్చి నెట్టుకువస్తున్నారు.

మీ పత్రికను కోరేది ఇది. మారిషస్ గురించి ఈసారి రాయించినప్పుడు పోర్ట్ లూయిస్‌కు ఒక పూర్తి పనిదినం కేటాయించమని పాఠకులకు చెప్పండి. ఘాట్ ఆదివారం తెరవరని, లోపలికి టిక్కెట్టు లేదని ఒక్క వాక్యంలోనైనా చేర్చండి. ఆ పాత రిజిస్టర్లు, కూలీల ఫోటోలు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడివారు వాటి సాయంతో తమ పూర్వీకుల ఊళ్లు వెతుక్కుంటున్నారు. విశాఖ, గోదావరి జిల్లాల్లో ముత్తాత తమ్ముడెవరో ‘మిరిచి దేశం’ పోయి తిరిగి రాలేదని చెప్పుకునే కుటుంబాలు ఇంకా ఉండవచ్చు. ఆ రికార్డుల్లో వెతికే పద్ధతి ఏమిటో, అందుకు ఏ వివరాలు కావాలో ఒక వ్యాసం వేయించగలిగితే, బీచి ఫోటోలకు ఇచ్చే స్థలంలో సగం చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు