పొదుగువాపును ముదరకముందే పట్టాలి

సంపాదకులకు,

వానలకు కొట్టం బురదయ్యే ఈ రోజుల్లో పాడిరైతును ఎక్కువగా దెబ్బతీసేది పొదుగువాపు. పొదుగు గట్టిపడి, చెయ్యి వేస్తే గేదె తన్నేదాకా వచ్చాకే చాలామంది పశువైద్యుణ్ణి పిలుస్తున్నారు. అప్పటికే ఆలస్యమై కొన్నిసార్లు ఆ చన్ను చెడిపోతోంది. అంతకుముందే, పైకి వాపేమీ లేకుండా పాలు తగ్గే దశ ఒకటుంటుంది. పట్టుకోవాల్సింది అక్కడే.

100 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల బట్టల సబ్బుపొడి కరిగించుకోండి. నాలుగు చన్నుల పాలు వేర్వేరు గిన్నెల్లో కొంచెం కొంచెం తీసి, పాలు ఎన్నో సబ్బునీళ్లూ అన్నే పోసి గుండ్రంగా తిప్పండి. పలుచగానే ఉంటే భయం లేదు. జిగటగా సాగితే ఆ చన్నుకు జబ్బు తగిలినట్టే. రోజూ అయితే మొదటి మూడు నాలుగు ధారలు నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి పితికి, గడ్డకట్టిన పలుకులున్నాయేమో చూడాలి. ఆ ధారలను నేలమీద పితికే అలవాటు మానాలి. క్రిములను కొట్టమంతా చల్లడమే అది.

బొటనవేలు మడిచి లాగితే చన్ను లోపల నలుగుతుంది. పిడికిలి నిండా పట్టి పితకాలి. పితికాక చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే చన్నులను అయోడిన్ మందులో ముంచి వెంటనే మేత వేయాలి, పశువు పడుకోకుండా నిలబడుతుంది. జబ్బు పశువును అన్నిటికంటే చివర పితకాలి.

వైద్యుడు చన్నులోకి ఎక్కించే మందు ట్యూబు రాస్తే, చన్ను ఖాళీ చేసి, కొనను స్పిరిట్ దూదితో తుడిచాకే ఎక్కించాలి. ఒక్క ట్యూబుతో వాపు తీసిందని ఆపేస్తున్నారు, అసలు చిక్కంతా ఇక్కడే. మిగిలిన క్రిములతో జబ్బు తిరగబెడుతుంది, అదే మందు మళ్లీ పనిచేయకపోవచ్చు.

మందు వాడినన్నాళ్లూ, ఆపాక పాలు వాడకూడదని ట్యూబుపై రాసిన గడువు తీరేదాకా, నాలుగు చన్నుల పాలూ పారబోయాల్సిందే. మందు రక్తంలో కలిసి మిగతా చన్నులకూ చేరుతుంది. దూడకూ పట్టకూడదు. ఇలాంటి పాలు సరిగా తోడుకోవు కూడా.

పాలకేంద్రాల్లో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) రెండుపూటలా చూస్తారు. ఈ సబ్బునీళ్ల పరీక్ష నెలకోసారైనా అక్కడే చేసి, ఏ పశువుకు జబ్బుందో రైతుకు చెప్పాలి. గడువుదాకా కేంద్రంలో పాలు పోయకుండా ఆగిన రైతుకు డెయిరీలు ఎంతోకొంత పరిహారం ఇవ్వాలి. పూట గడవాలంటే పాలు పోయక తప్పని ఇంటికి, పారబోయమని ఊరికే చెప్పడం న్యాయం కాదు.

– ఒక పశువైద్యుడు, ప్రకాశం జిల్లా