వైఫై కట్టేసినా డేటా ఊరుకోదు

సంపాదకులకు నమస్కారం.

రాత్రిపూట వైఫై ఆపితే నిద్ర బాగా పడుతుందన్న మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఆపడం మంచిదే, చెప్పే కారణమే తేడాగా ఉంది. రేడియేషన్ అంటూ బెంబేలెత్తాల్సిన పని లేదు. ఇంటి రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ మీద వదిలే శక్తి సుమారు 0.1 వాట్. దూరం రెట్టింపైతే అదీ నాలుగో వంతుకు పడిపోతుంది. నిద్రను తినేసేది ముఖానికి జానెడు దూరంలో వెలిగే తెర, ఒక రీల్ అయ్యీ అవకముందే ఎక్కే ఇంకో రీల్. పడుకునే వేళ ఆ వెలుగు కళ్లలో పడితే నిద్ర తెప్పించే హార్మోన్ మెలటోనిన్ ఊరడం ఆలస్యమవుతుంది. కరెంటు బిల్లు తగ్గుతుందన్న ఆశా వద్దు: 8 వాట్ల రౌటర్ బాక్సును రోజూ 8 గంటలు ఆపినా నెలకు మిగిలేది రెండు యూనిట్లే.

గోడ మీది స్విచ్ కట్టేస్తే ఫైబర్ బాక్సుకు తగిలించిన ల్యాండ్‌లైన్ కూడా మూగబోతుంది. బాక్సును ఆన్‌లోనే ఉంచి, వెనకో పక్కనో 'డబ్ల్యూలాన్' (WLAN) అని ఉన్న బటన్ నొక్కితే వైఫై ఒక్కటే పోతుంది. వైఫై కెమెరాలున్న ఇంటికి మాత్రం ఇది కుదరదు, అవీ ఆగిపోతాయి. రోజూ నొక్కడం మరిచిపోయేవాళ్లు షెడ్యూల్ పెట్టుకోవచ్చు. బాక్సు కింద స్టిక్కర్ మీదుండే అడ్రసు, ఎక్కువగా 192.168.1.1, బ్రౌజర్లో కొట్టి లోపలికెళ్తే చాలా మోడళ్లలో వైఫై సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. 'రాత్రి ఆగలేదు, పొద్దున్నే ఆగింది' అనే ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. బాక్సు గడియారం గ్రీనిచ్ టైములో ఉంటే మనకంటే 5.30 గంటలు వెనక నడుస్తుంది. రాత్రి 10.30కి ఆగమంటే తెల్లవారుజామున 4కి ఆగుతుంది. ముందు టైమ్‌జోన్‌ను +5.30కి మార్చాలి. గుండ్రటి చక్రం తిరిగే టైమర్ ప్లగ్గు కొన్నవాళ్లకు ఇంకో చిక్కు. కరెంటు పోయినంతసేపూ ఆ చక్రం తిరగదు, గంట కోత పడితే టైమరూ గంట వెనకబడుతుంది.

ఇంత చేసినా వైఫై పోగానే ఫోన్ చల్లగా మొబైల్ డేటాకు మారిపోతుంది. అదీ ఆపాలి. ఫ్లైట్ మోడ్‌లో అలారం మోగుతుంది గానీ మామూలు కాల్స్ రావు. ఊళ్లో పెద్దవాళ్లున్నవారు దాని జోలికి పోకుండా, డేటా ఆపి 'డూ నాట్ డిస్టర్బ్' పెట్టి, అమ్మానాన్నల నంబర్లకు స్టార్ గుర్తు పెట్టి, స్టార్ ఉన్న నంబర్ల కాల్స్‌కు అనుమతి ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో 'రిపీట్ కాలర్స్' ఆన్‌లో ఉంటే అదే నంబరు 15 నిమిషాల్లోపు రెండోసారి చేసినప్పుడు మోగుతుంది. ఛార్జర్ హాల్లో ఉండాలి, మంచం పక్కన అలారం గడియారం ఉండాలి. లేకపోతే టైము చూద్దామని ఫోన్ తీసిన చెయ్యి టైము చూసి ఊరుకోదు.

ఇళ్లలో ఇంత కట్టడి చేస్తుంటే రీఛార్జ్ ప్లాన్లు ఎదురు పనిచేస్తున్నాయి. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ కోటా సరిగ్గా రాత్రి 12కి మారుతుంది. మిగిలింది వృథా పోతుందని 11.30కి ఒక వీడియో, కొత్త కోటా వచ్చిందని 12 దాటాక ఇంకొకటి. పైగా 12 నుంచి ఉదయం 6 దాకా డేటా ఫ్రీ అని ఊరించే ప్లాన్లు! కోటా మారే వేళను ఉదయం 6కి జరపమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, కంపెనీలకు చెప్పాలి. ఇందుకోసం అవి ఒక్క ఎంబీ కూడా అదనంగా ఇవ్వాల్సిన పని లేదు.

— ఒక ఇంటర్నెట్ టెక్నీషియన్, ఖమ్మం