రాత్రి 9 దాటితే మన్ననూరు గేటు వేస్తారండీ

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం పేజీలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద వ్యాసం వేశారు. చదివిన రోజే రాద్దామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నాను. మొన్న మా బావమరిది ఫోన్ చేశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మే నెల ఎండలు కదా, ఎండ తగలకుండా రాత్రి బయల్దేరితే చల్లగాలిలో నల్లమల మజాయే వేరని మీ వ్యాసంలో ఉంది. మావాడు దాన్ని నమ్మి శనివారం ఆఫీసు అయ్యాక భార్యాపిల్లల్ని ఎక్కించుకుని ఏడింటికి తుక్కుగూడ దాటి, కల్వకుర్తిలో తిని, మన్ననూరు చేరేసరికి పదిన్నర. గేటు వేసి ఉంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ అడవి రోడ్డు మీద బండ్లను వదలరు. ఇదేమీ నిన్నామొన్నా పెట్టిన రూలు కాదు, మా అచ్చంపేట వైపు ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. గేటు దగ్గరున్నాయన పాపం మర్యాదగానే, జంతువులు తిరిగే వేళ సార్ అన్నాడట. మావాడు కాసేపు వాదించి, ఆఖరికి నలుగురూ కార్లోనే దోమల మధ్య తెల్లవార్చారు. నన్నొక మాట అడగొచ్చు కదరా అంటే "పేపర్లో వేశారు కదా బావా" అన్నాడు. ఏం చెప్పమంటారు?

గేటు సంగతి పక్కన పెట్టినా, ఆ వ్యాసంలో నాకు మింగుడుపడనివి ఇంకా ఉన్నాయి. డిండి దగ్గర ఒక ఫోటో, ఫర్హాబాద్ వ్యూ పాయింట్ నుంచి ఒక ఫోటో, దారిలో బిర్యానీ ఎక్కడ బాగుంటుందో ఒక పెద్ద డబ్బా కట్టి మరీ వేశారు. ఉమామహేశ్వరానికి మాత్రం ఒకే ఒక్క వాక్యం, "పురాతన ఆలయం కూడా ఉంది" అని. కూడా అట! శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన మా ఉమామహేశ్వరం అని నాలుగు ద్వారాలు చెబుతారు. హైదరాబాద్ నుంచి పోయేవాడికి తగిలేదే ఈ ఉత్తర ద్వారం, దాన్ని చూసుకోకుండా పోతే యాత్ర సగమేనని మా నాయనమ్మ అనేది. రంగాపూర్ దగ్గర కొండవైపు తిరిగితే కింద భోగమహేశ్వరం, పైన కొండచరియ కింద ఉమామహేశ్వరం. గుడి మీదికి కొండ గొడుగు పట్టినట్టు వంగి ఉంటుంది. ఆ రాతిలోంచే పాపనాశనం నీళ్లు. చిన్నప్పుడు మేం దోసిలి పట్టుకుని నిలబడితే అది నిండేలోపు చేతులు నొప్పి పుట్టేవి, తాగకుండా తల మీద పోసుకుంటే నాయనమ్మ తిట్టేది. కొండ ఎక్కే రోడ్డు, ఊరు, కథ అన్నీ ఒక్కచోట దొరుకుతుంటే మీ వ్యాసకర్త బండి ఆపింది బిర్యానీ దగ్గర.

చెంచులను ఇంకా తేలిగ్గా తీసేశారు. తేనె సీసా పట్టుకున్న ముసలమ్మ ఫోటో వేసి కింద "అడవి బిడ్డ" అన్నారు, అయిపోయింది. అసలు ఆ కొండల్లో కథలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయండీ. మల్లికార్జునుడు మనకు దేవుడైతే వాళ్లకు అల్లుడు కూడా. వేటకొచ్చి చెంచుల పిల్లను చూసి మనసుపడి పెళ్లాడి, చెంచు మల్లయ్య అయిపోయాడంటారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరలో లోయలోకి దిగేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అని, తిరిగి ఎక్కేవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అని అరుస్తుంటే అడవంతా మోగుతుంది, అక్కడ పూజారులూ చెంచులే. ఈ అల్లుడి కథ ఒక్క పేరా వేసి ఉంటే బిర్యానీ డబ్బా ఏమన్నా చిన్నబోయేదా?

ఇంకో ఫోటోలో ఒకాయన కారు అద్దం దించి కోతికి చిప్స్ ప్యాకెట్ ఇస్తున్నాడు, కింద "ముచ్చటైన దృశ్యం" అని మీ మాట. అది 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు పులుల అభయారణ్యం, జూపార్కు కాదు. కోతులు చెట్ల మీద కాయలు మానేసి రోడ్డు అంచున కార్ల కోసం కూర్చుంటున్నది ఇలాంటి ముచ్చట్ల వల్లే, చక్రాల కింద పడి చచ్చేదీ అవే. ప్లాస్టిక్ గురించి రాయడం మొదలుపెడితే మీ పేజీ చాలదు.

అధికారుల తీరూ అంతే లెండి. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు మలుపు మలుపుకీ ఉంటాయి, ఇది ఫలానా చోటు, దీని కథ ఇదీ అని చెప్పే బోర్డు ఒక్కటీ నా కంటబడలేదు. ఇప్పుడు మన్ననూరు నుంచి అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ అంటున్నారు. జంతువులకు మేలైతే కట్టనివ్వండి, నాకు ఇంజినీరింగ్ తెలియదు. కింద ఏ ఊరుందో, ఏ చెంచు పెంట (వాళ్ల గూడేన్ని అలాగే అంటారు) ఉందో చూడకుండానే శ్రీశైలంలో దిగొచ్చు, మీ వ్యాసకర్తకు ఇంకా సుఖం.

అసలు ఆయన ఈమధ్య అటు వెళ్లాడా అని కూడా నాకు అనుమానం. శ్రీశైలం వెళ్లినవాళ్ల పేర్లు సాక్షి గణపతి పుస్తకంలో రాసుకుంటాడంటారు, ఈయన పేరు అందులో ఉండకపోవచ్చు. ఎందుకంటే మే నెలలో వేసిన వ్యాసానికి డ్యామ్ 12 గేట్లూ ఎత్తి నీళ్లు దూకుతున్న ఫోటో పెట్టారు. ఈ ఎండల్లో అన్ని నీళ్లు ఎక్కడివండీ?

గేటు వేళల గురించి సవరణ వేయండి. వేస్తే ఏ లోపలి పేజీలోనో మూలకు కాకుండా అదే ఆదివారం పేజీలో వేయండి. మా బావమరిది అదొక్కటే చదువుతాడు.

ఇట్లు,
అచ్చంపేట నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పాఠకుడు,
చంపాపేట, హైదరాబాద్